పందెం పోయింది, పేక మిగిలింది

న్యూఢిల్లీ: కంప్యూటర్ తెరపై ఇద్దరు కాలక్షేపానికి ఉచితంగా ఆడుకునే రమ్మీకి, అదే తెరపై డబ్బు ఒడ్డి ఆడే రమ్మీకి మధ్య పార్లమెంటు స్పష్టమైన గీత గీసింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ బిల్లుకు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర లభించిన విషయం విదితమే. ఆట నైపుణ్యంతో కూడినదా, అదృష్టంపై ఆధారపడినదా అన్న మీమాంసను ఈ చట్టం పక్కనపెట్టింది. డబ్బు కట్టి, డబ్బు ఆశించి ఆడే ఆట ఏదైనా నిషిద్ధమేనని నిర్వచించింది.

ఈ మార్పు ప్రాధాన్యం తెలియాలంటే సుమారు ఆరు దశాబ్దాలు వెనక్కు వెళ్లాలి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసు దాడితో మొదలైన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పునిస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని పేర్కొంది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికి, ఏ ముక్కను ఉంచుకోవాలో, దేనిని వదులుకోవాలో నిర్ణయించడానికి నేర్పు అవసరమని భావించింది. అయితే పందెంపై నిర్వాహకులు లాభం గడిస్తే నేరం కావచ్చునని కూడా అదే తీర్పు హెచ్చరించింది. మొదటి మాటను ఆన్‌లైన్ సంస్థలు కవచంగా ధరించాయి. రెండవ మాట అంతగా వినిపించలేదు.

రాష్ట్రాలు వేర్వేరు బాటలు పట్టాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కర్ణాటక నిషేధాన్ని 2022లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. తమిళనాడు చట్టం నుంచి రమ్మీ, పోకర్‌లను మద్రాసు హైకోర్టు 2023లో మినహాయించింది. ఆ ఏడాదే అక్టోబరు 1 నుంచి కేంద్రం ఈ పందేలపై 28 శాతం జి.ఎస్.టి. అమలు చేసింది. పన్ను విధించిన రెండేళ్లలోపే నిషేధానికి పూనుకోవడం గమనార్హం.

ఏటా 45 కోట్ల మంది దాదాపు రూ. 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ వర్గాల అంచనా. చట్టం ప్రకారం ఇటువంటి ఆటలు నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనలిచ్చే వారికి రెండేళ్లు, రూ. 50 లక్షలు. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు. వారిని బాధితులుగానే పరిగణించారు. ఉద్యోగాలు పోతాయని, ఆటగాళ్లు విదేశీ సైట్ల పాలవుతారని పరిశ్రమ వర్గాలు వాదిస్తున్నాయి.

అసలు చిక్కు ఉచిత ఆట దగ్గరే ఉంది. చెరి పదమూడు ముక్కలు పంచుకుని ఇద్దరు ఆడే ఆటలో పందెం ఉన్నా లేకున్నా నియమాలు మారవు. పలు సైట్లలో ఉచిత బల్ల సాధన పేరిట పందెపు బల్లకు గుమ్మంగా పనిచేసింది. డబ్బుతో కొన్న నాణేలు, టోకెన్లను కూడా చట్టం పందెంగానే పరిగణిస్తుంది. ప్రవేశ రుసుము, చందా వసూలుకు మాత్రం వినోదపు ఆటలలో అవకాశం ఉంది. ఈ సందు నుంచి పందెం తిరిగి రాకుండా చూడడమే నియంత్రణాధికారులకు పరీక్ష.

చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టులలో దాఖలైన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకుంది. నేర్పుతో కూడిన ఆటపై ఒడ్డే పందేన్ని కూడా నిషేధించవచ్చునా అన్నదే ప్రధాన వివాదం. నెల జీతం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న ఇంటికి అది నేర్పు లోపమా, అదృష్ట లోపమా అన్న తేడాతో పని లేదు.