శిక్ష ముగిసిన శరణార్థిని తిప్పి పంపవచ్చా?

న్యూఢిల్లీ: నేరం రుజువై శిక్ష పూర్తిచేసిన శరణార్థిని స్వదేశానికి పంపకుండా న్యాయస్థానం ఆపగలదా? గత పదేళ్లలో ఈ ప్రశ్నకు మన కోర్టుల్లో రెండు భిన్నమైన సమాధానాలు వచ్చాయి.

మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడిన ఇద్దరు మయన్మార్ శరణార్థులను పంపివేయడంపై 2015లో ఢిల్లీ హైకోర్టు తాత్కాలికంగా నిలుపుదల విధించింది. ప్రాణాపాయం ఉన్న చోటికి ఎవరినీ తిప్పి పంపరాదన్న సూత్రం రాజ్యాంగం 21వ అధికరణలో భాగమేనని పేర్కొంది. వారి వాదన విని, మూడో దేశానికి పంపే వీలును పరిశీలించాలని అధికారులను ఆదేశించింది.

2025 మే 19న సుప్రీంకోర్టు వైఖరి వేరుగా ఉంది. ఉపా చట్టం కింద దోషిగా తేలిన శ్రీలంక తమిళుడికి కింది కోర్టు 2018లో పదేళ్ల జైలు విధించగా, 2022లో మద్రాసు హైకోర్టు దాన్ని ఏడేళ్లకు తగ్గించి, శిక్ష ముగియగానే దేశం విడిచి వెళ్లాలని ఆదేశించింది. స్వదేశంలో ప్రాణహాని ఉందని, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని అతను మొరపెట్టుకున్నాడు. భారత్ ధర్మశాల కాదంటూ జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం జోక్యానికి నిరాకరించింది. ఇక్కడ స్థిరపడే హక్కు 19వ అధికరణ కింద పౌరులకే ఉందని స్పష్టం చేసింది.

నివసించే హక్కు పౌరులకే పరిమితమన్నది నిజమే. అయితే 21వ అధికరణ ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకే పరిమితం కాదు. చక్మాల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. రోహింగ్యాల తరలింపును ఆపడానికి 2021లో నిరాకరించినప్పుడు కూడా, నిర్ణీత విధానం పాటించకుండా పంపరాదని షరతు పెట్టింది. ఇక్కడ ఉండే హక్కు లేకపోవడం, అక్కడ ప్రాణానికి ముప్పు ఉండటం వేర్వేరు విషయాలు. మొదటిది తేలినంత మాత్రాన రెండోది తేలినట్లు కాదు.

తీవ్ర నేరానికి పాల్పడి సమాజానికి ముప్పుగా మారినవారికి 1951 శరణార్థుల ఒప్పందం కూడా రక్షణ నిరాకరిస్తుంది. భారత్ ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. చిత్రహింసల నిరోధక ఒప్పందంపై 1997లో సంతకం చేసినా ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టంలోనూ శరణార్థికి నిర్వచనం లేదు. ఫలితంగా ముప్పును ఎవరు, ఏ ప్రమాణంతో అంచనా వేయాలన్నది ధర్మాసనాన్ని బట్టి మారుతోంది.

స్టే ఇవ్వడమంటే నేరాన్ని క్షమించడం కాదు. విమానం ఎక్కించిన తర్వాత దిద్దుకోలేని పొరపాటు జరగకుండా, ముందే విచారణకు వ్యవధి ఇవ్వడం. ఆ విచారణను చట్టమే తప్పనిసరి చేస్తే దేశ భద్రతకు వచ్చే లోటు లేదు. చేయనంతకాలం ఒక మనిషి ప్రాణం అతని కేసు ఏ కోర్టు ముందుకు వచ్చిందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.