వేడెక్కుతున్న కడలి.. తరుగుతున్న మేత

చంపాపేట్: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిలిచిపోతుంది. కోస్తా రేవుల సరుకు తగ్గి, చంపాపేట్ వంటి నగర ప్రాంతాల్లో చెరువు చేపే దిక్కవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని కేంద్రం 2015లో ఈ నిషేధాన్ని 61 రోజులకు పెంచింది. సముద్రమే మారుతున్నప్పుడు ఈ విరామం ఒక్కటే చాలునా అన్నది ప్రశ్న.

ఉష్ణమండల హిందూ మహాసముద్ర ఉపరితలం 1951-2015 మధ్య సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినట్లు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నాటి నివేదిక పేర్కొన్నది. బంగాళాఖాతానిది మరింత చిక్కు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ నదులు తెచ్చే మంచినీరు తేలికైనది కనుక పైపొరగా నిలుస్తుంది. ఆ పొర వేడెక్కిన కొద్దీ అడుగునున్న పోషకాలు పైకి రావడం కష్టమవుతుంది. పోషకాలు అందనిదే కంటికి కనిపించని నీటి మొక్కలు పెరగవు. కవళ్ల వంటి చిన్న చేపలకు అవే ఆధారం.

1999లో హైదరాబాద్‌లో ఏర్పాటైన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో నీటి వేడిని, పచ్చదనాన్ని అంచనా వేసి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. డీజిలు ఆదా అవుతున్న మాట నిజమే. కానీ చేప ఎక్కడున్నదో చెప్పడం వేరు, ఎంత మిగిలినదో తేల్చడం వేరు. మేత తగ్గిన నీటిలో మందను వెతికి పట్టడం సులువైతే తరుగుదల మరింత వేగం కాగలదు. పిల్ల చేపలను సైతం లాగే సన్నకన్ను వలలపై రేవుల్లో తనిఖీ నిషేధపు రోజులకే పరిమితం కాకుండా ఏడాది పొడవునా సాగవలసి ఉన్నది.