గృహవిజ్ఞానము: కెమెరా కంటి సంరక్షణము



నామకరణము మొదలు పెండ్లి వరకు గృహమందలి శుభకార్యముల జ్ఞాపకములను నిలుపునది కెమెరా. దానికి కన్ను వంటిది లెన్సు. కెమెరాలు మారుచుండును గాని, శ్రద్ధతో కాపాడిన లెన్సు తల్లినుండి కూతునకు సంక్రమింపగలదు. కావున దానిని కొనుటయందును, కాపాడుటయందును ఎరుగవలసిన సంగతులను ఈ మాసమున ముచ్చటించుకొందము.

కొనుటకు ముందు మన అవసరమును విచారింపవలెను. ఇంటిలోపల బిడ్డల ఫొటోలు తీయుటయే ముఖ్యమైనచో 50 మిల్లీమీటర్ల లెన్సు చాలును. చిన్న సెన్సారుగల కెమెరాకు 35 మిల్లీమీటర్లది తగును. లెన్సుపై 1.8, 2, 4 అనునట్టి అంకెలు కూడ నుండును. అంకె చిన్నదైనకొలది వెలుతురు హెచ్చు. 2 అంకెగల లెన్సు 4 అంకెగల దానికంటె నాలుగింతల వెలుతురును లోనికి రానిచ్చును. దూరపు వస్తువులను దగ్గరగా జూపు భారీ లెన్సును మోజుపడి కొని బీరువాలో దాచుటకంటె, అనుదినము చేతబట్టు చిన్న లెన్సే మేలు.

ఇక ఫిల్టర్ల మాట. అతినీలలోహిత కిరణముల నాపు ఫిల్టరు ఫిల్ము దినములలో అక్కరకు వచ్చెడిది. నేటి డిజిటల్ కెమెరాకు అది కేవలము ఒక మూత. సముద్రతీరమున ఇసుకను, తుంపరను ఆపును. నాసిరకపు గాజైనచో దీపముల నీడలు ఫొటోలో పడును. పోలరైజరు అట్లు కాదు. నీటిమీది, ఆకులమీది తళుకును తగ్గించి వాని నిజమైన రంగును చూపును. అయితే అది వెలుతురును చాల తగ్గించును గనుక, ఇంటిలో ఫొటో తీయునపుడు విప్పివేయవలెను. ఫిల్టరు కొనునపుడు లెన్సు అంచున గీత కొట్టిన సున్న ప్రక్కనుండు 49, 52, 67 వంటి కొలతను చూచి, ఆ కొలతదే అడుగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది లెన్సుపైనుండు కంటికి కానరాని పొర. పూతలేని గాజు ఒక్కొక్క తలమునందు నూటికి సుమారు 4 పాళ్ల వెలుతురును వెనుకకు త్రిప్పివేయును. దీనిని నివారించిన వారిలో ఒక విదుషీమణియు కలదు. 1926లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమందిన తొలి స్త్రీయగు కాథరిన్ బ్లాడ్జెట్, 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో గాజుపై 44 అణుమాత్రపు పొరలను పరచి ఆ ప్రతిఫలనమును మాన్పెను. ఆమె పొర తుడిచిన పోవునంత మెత్తనిది. నేటి పూతలు గట్టివే గాని, వెండ్రుక మందములో నూరవ వంతైనను ఉండవు.

కావున పైటచెంగుతో లెన్సును ఎన్నడును తుడువరాదు. ధూళిలోని ఇసుకరేణువులు గాజును గీయును. నోటితోనూదిన ఉమ్మి తుంపరలు పడును. మొదట రబ్బరుబుడ్డితో గాలికొట్టి, పిదప మెత్తని కుంచెతో ధూళిని తొలగింపవలెను. వ్రేలిముద్ర పోనిచో, లెన్సులకై అమ్ము ద్రవమును ఒక చుక్క శుభ్రమైన లెన్సుగుడ్డపై వేసి, నడుమనుండి అంచువరకు మెల్లగా త్రిప్పుచు తుడువవలెను. కొద్దిపాటి ధూళి చిత్రమును చెరుపదు; మాటిమాటికి తుడుచుటయే లెన్సును చెరుపును.

రెండవ శత్రువు తేమ. మన సముద్రతీర జిల్లాలలో వానకాలమున తోలుసంచిలో మూసియుంచిన లెన్సునందు బూజు సాలెగూటివలె అల్లుకొని, తుదకు గాజునే తినివేయును. గాలిచొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచి, గుళికల రంగు మారినపుడు వానిని వేడిచేసి తేమ పోగొట్టి మరల నుంచవలెను. చల్లని ఏసీ గదినుండి ఉక్కపోతలోనికి తెచ్చినపుడు అరగంట సేపు సంచి తెరువకున్న, లెన్సుపై చెమ్మ పట్టదు.

ఊరగాయ జాడీకి తడిచేయి తగులనీయని గృహిణికి ఈ జాగ్రత్తలు క్రొత్తవి కావు. నెలకొకసారియైనను లెన్సును వెలుపలికి తీసి, వెలుతురునకు పట్టి పరీక్షించి, ఇంటివారి ఫొటో నొకదానిని తీయుడు. వాడుకలోనున్న లెన్సునకు బూజు భయము తక్కువ.