తండా పిల్లలకు ఫిజిక్స్ ఎందుకంటే

రుద్రూర్ నుంచి హాస్టల్ పిల్లలం రాస్తున్నం. "మీకు ఫిజిక్స్ ఎందుకు, ఏదన్న నౌకరీ కోర్సు చూస్కోండి" అంటరు మాతోని. మేమైతే ఒప్పుకోం.

బెరీలియం-8 కేంద్రకం చూడండి. నాలుగు ప్రోటాన్లు, నాలుగు న్యూట్రాన్లు ఉన్నా పుట్టంగనే రెండు హీలియం ముక్కలైతది. దాంట్ల లాంబ్డా అనే స్ట్రేంజ్ కణం ఒక్కటి చేరితే ముక్కలు కాకుండ ఆగుతది. ఎట్లంటే, ప్రోటాన్లకు, న్యూట్రాన్లకు కింది బెడ్లు నిండినై. లాంబ్డా వేరే కణం గనుక దానికి ఆ అడ్డు లేదు. నేరుగ అడుగుకు పోయి మిగిలినవాటిని దగ్గరికి గుంజుతది. అది బతికేది సెకనులో వందకోట్లో వంతు గూడ కాదు. అయినా ఉత్త బెరీలియం-8 ఆయుష్షుకు పది లక్షల రెట్లకు పైనే!

ఇసొంటి కేంద్రకాన్ని మొదట పట్టింది 1952ల, పోలండ్‌ల డానిష్, ప్నియెవ్‌స్కీ. బెలూన్‌ల పైకి పంపిన ఫోటో ప్లేట్ల మీద. బెలూన్లు ఎగరేసే టాటా సంస్థ కేంద్రం మన హైదరాబాద్‌ల గూడ ఉంది.

ఎంపీసీ వదిలేద్దమనుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు ముందు మాతోని ఒక్కసారి మాట్లాడండి.