కొత్త ఆల్బమ్ మొదటిసారి వింటున్నారా? స్ట్రీమ్ చేయకండి, డౌన్‌లోడ్ చేయండి

చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో చనిపోయాక లింకిన్ పార్క్ పని అయిపోయిందనే అనుకున్నాం. 2024 నవంబర్ 15న 'ఫ్రమ్ జీరో' వచ్చింది, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో. మా దుత్తలూరు నుంచి ఉదయగిరి వెళ్లే బస్సులో, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే స్ట్రీమ్‌లో విని ఆ గొంతుకి తీర్పు చెప్పడం అన్యాయం. నెట్ తగ్గితే 'ఆటో' క్వాలిటీ బిట్‌రేట్ కూడా తగ్గించేస్తుంది, గొంతులోని గరుకు పోతుంది. నేను ఇంట్లో వైఫైలో హై క్వాలిటీకి మార్చి దించుకుని, షఫుల్ ఆపి, మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో వరసగా విన్నా. 11 పాటలు, అరగంట పైన కాస్త. 990 కేబీపీఎస్ ఎల్‌డాక్ బడ్స్ ఉంటే మంచిదే, దీనికోసం కొనమని మాత్రం చెప్పను. 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో 15 సెకన్లు దాటే అరుపు ఒకటుంది. చెస్టర్‌తో పోల్చేవాళ్లు అది సరిగ్గా విన్నాకే పోల్చండి. నాకైతే ఆమె నచ్చింది.