బతికుండగా ఆ నలుగురు

మార్కు సువార్త 2వ అధ్యాయం గుర్తుందా? కపెర్నహూములో ఒక పక్షవాయువు రోగిని మంచంతో సహా మోసుకొస్తారు. గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉంటే, ఇంటికప్పు విప్పి లోపలికి దించుతారు. సండే స్కూల్ నుంచీ వింటున్న కథే. మోసినవాళ్లు నలుగురు అన్న సంగతి మాత్రం ఈమధ్యే నా మనసుకి పట్టింది. మనకి 'ఆ నలుగురు' అంటే పాడె మోసేవాళ్లే కదా. వీళ్లు బతికుండగా మోశారు.

గరివిడిలో మా నానమ్మకి పక్షవాతం వచ్చి 14 నెలలు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నోరు మాత్రం బాగానే ఉంది! "గంజిలో ఉప్పు నేదు", "నన్ను సంపేద్దారని సూస్తన్నావు" అని అమ్మ మీద మాటలు విసురుతుంది. ఒక్కోసారి గిన్నె కూడా. మొదటినుంచీ కోపిష్టే, దాచడమెందుకు. కానీ స్ట్రోక్ మెదడుని దెబ్బతీస్తే కోపం, ఏడుపు అదుపు తప్పుతాయి. దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ కూడా వస్తుంది, దానికి మందులున్నాయి. ఇది తెలిశాక తిట్లు తగ్గలేదు గానీ, అమ్మకి గుచ్చుకోవడం కొంచెం తగ్గింది.

పుండ్లు పడకుండా 2 గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి. రాత్రిళ్లు కూడా. అమ్మ అలారం పెట్టుకుని లేస్తుంది. ఆదివారం చర్చిలో అందరూ "నీది నిజంగా క్రీస్తు ప్రేమమ్మా" అంటారు. అని, ఇళ్లకి వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇంటిల్లిపాది బరువూ ఒక్క మనిషి నడుం మీద వేసి, దానికి ఓర్పు అని పేరు పెడితే ఎలా? యేసు కూడా జనాన్ని వదిలి ఏకాంతంగా వెళ్లేవాడని లూకా రాశాడు. అమ్మకి ఏకాంతమంటే మా ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే.

అందుకే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, గుడ్ మార్నింగ్ వాక్యాల మధ్య, ఒక మెసేజ్ పెట్టాను. షిఫ్టు లేని రాత్రులు నాన్నవి. ఆదివారం నాది. శనివారం చీపురుపల్లి అత్తది. డయపర్లు, ఫిజియోథెరపీ ఖర్చు విశాఖ బాబాయిది. అందరూ చూశారు. ఒక దండం ఎమోజీ వచ్చింది. తర్వాత మూడు రోజులు చడీచప్పుడు లేదు. "కోడలుండగా కూతురేటి?" అని అత్త అందట.

శనివారం సాయంత్రం ఆ అత్తే బ్యాగుతో దిగింది. రాత్రి రెండింటికి నానమ్మని తిప్పబోతే, "నీకు సేతకాదు, దాన్ని పిలు" అని ఒకటే అరుపు.

'దాన్ని' అంటే మా అమ్మని. 14 నెలల్లో నానమ్మ నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. అమ్మ వినలేదు. తలుపేసుకుని నిద్రపోతోంది.