గవ్వకు యాది ఉండదు

పోయిన ఆదివారం మా మనవడు లెక్కల పుస్తకం ముందేసుకొని దిగాలుగా కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి, సంభావ్యత పాఠం. 52 పేకముక్కల్లోంచి ఒకటి తీస్తే అది ఇస్పేటు రాజు అయ్యే అవకాశమెంత? ఇదీ ప్రశ్న. "తాతా, ఇస్పేటంటే ఏంది?" అన్నాడు. ఏం చెప్పాలి? పేక ముట్టుకుంటే వీపు పగిలే ఇల్లు మాది. పిల్లవాడు కంటితో చూడని ముక్కలతో పాఠం, జవాబు మాత్రం బట్టీ. గైడులో అదే, ట్యూషన్లో అదే. 2023లో సి.ఆర్. రావుకు అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వస్తే మనవాడేనని చంకలు గుద్దుకున్నాం. సంభావ్యత పునాదిగా ఉన్న ఆయన శాస్త్రాన్ని పిల్లలకు నేర్పే తీరు ఇది!

అటక మీది గవ్వల సంచి దింపాను. ఒకప్పుడు మా కేసముద్రంలో ఎండాకాలం ఏ అరుగు చూసినా నాలుగు గవ్వలతో ఆడే అష్టచెమ్మ గీతలే. ఒక్కో గవ్వ రెండు తీర్ల పడుతుంది కనుక నాలుగింటికి మొత్తం 16 తీర్లు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అది ఒక్క తీరే. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడటానికైతే 6 తీర్లు. ఈ లెక్కన వందసార్లు వేస్తే అష్ట ఓ ఆరుసార్లు పడాలి. వాడు వేశాడు, నేను బండ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. పదకొండుసార్లు పడింది.

"లెక్క తప్పిందా తాతా?"

లెక్క తప్పలేదు, గవ్వే వంకర. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చదును. చదును పక్క మీద కూర్చోవడానికే దానికి మొగ్గెక్కువ. 'సమసంభవం', అంటే అన్ని తీర్లకూ సమాన అవకాశం, అని పుస్తకం ఒక్క మాటలో దాటేసిన సంగతి వాడు వేలితో తడిమి చూసుకున్నాడు.

మధ్యలో వాడు, "ఇరవైసార్లాయె అష్ట పడక, ఇప్పుడు పడాల్సిందే" అన్నాడు. గవ్వకు యాది ఉండదు బిడ్డా అన్నాను. మా మార్కెట్ యార్డులో పెద్దమనుషులదీ ఇదే మాట: "రెండేండ్లు మిర్చి ధర పడ్డది, ఈ ఏడు లేవాల్సిందే." కానీ మిర్చి గవ్వ కాదు, దానికి యాది ఉంటుంది. ధర మెరిసిన మరుసటేడు అందరూ మిర్చే పెడతారు, ధర కూలుతుంది. ఎవరు ఎన్నెకరాలు పెడుతున్నారో నారు పోయకముందే రైతుకు చెప్పే నాథుడు లేడు.

మళ్లీ పాఠానికొస్తే, తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతగింజలను ఒక పక్క బండకు అరగదీసి పిల్లల చేతికివ్వండి. వందసార్లు వేసి రాసుకున్నాకే గైడు తెరవనివ్వండి.